‘పసరుతో తగ్గింది గదా’ అనేవాళ్లకు

మొన్న ఎండాకాలం పాన్‌గల్‌లో మా చుట్టాలింట్లో పెళ్లి. బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి రిటైరైన పంతులు. ఆయన మాటకు ఊళ్లో విలువ ఉంది. ఎదురు వరుసలో ఒక పిల్లగాడి కళ్లు పచ్చబడ్డాయని ఎవరో అన్నారు. ఆయన వెంటనే తీర్పు చెప్పేశాడు: “దవాఖానకు పోయి పైసలు దండగ చేసుకోకుండ్రి. కామెర్లకు ఇంగ్లిషు మందే లేదు. ఆ మాట డాక్టర్లే ఒప్పుకుంటరు. మూడు పొద్దులు పసరు తాగిపిస్తే కళ్లు తెల్లగైతయ్. వందలమందికి తగ్గింది. నాకే తగ్గింది.” బంతిలో ఉన్నవాళ్లంతా తలలూపారు. పిల్లగాడి తల్లి “ఏ ఊర్ల పోస్తరు సారూ?” అని అడిగింది.

పెళ్లి పందిట్లో వాదన పెట్టుకోవడం బాగుండదని ఊరుకున్నాను. చేతులు కడుక్కున్నాక ఆ తల్లిని పక్కకు పిలిచి, వనపర్తి పెద్దాసుపత్రిలో ఏ పరీక్షలు చేయించాలో ఒక కాగితం మీద రాసిచ్చాను. పంతులుగారికి జవాబు మాత్రం బాకీ పడింది. ముప్ఫై ఏళ్లకు పైగా ల్యాబ్ టెక్నీషియన్‌గా రక్తం తీసి పరీక్షలు చేసినవాణ్ణి. ఆయన చెప్పింది తప్పని నాకు పుస్తకాల వల్ల కాదు, చేతుల మీదుగా తెలుసు. మా ఇంట్లోనే తెలుసు.

ముందు ఆయన మాటలో నిజమున్న చోటు ఒప్పుకుంటాను. కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వచ్చే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఈ అనే రెండు వైరస్‌లకు చాలామందిలో ప్రత్యేకంగా మందు అక్కర్లేదు. కొన్ని వారాల్లో ఒంట్లోని రక్షణ శక్తే వైరస్‌ను తరిమేస్తుంది, కాలేయం తనను తాను బాగుచేసుకుంటుంది. డాక్టర్లు “దీనికి మందు లేదమ్మా, విశ్రాంతి తీసుకో, మంచిగ తిను” అనేది అందుకే. దానికి అర్థం ‘మా దగ్గర మందు లేదు, ఇంకొకరి దగ్గర ఉంది’ అని కాదు. ‘ఏ మందూ అవసరం లేదు’ అని. మన ఊళ్లలో ఆ మాటను తలకిందులు చేసి విన్నారు. ఆ రోగం ఇంట్లో పడుకున్నా తగ్గుతుంది, పసరు తాగినా తగ్గుతుంది, గుళ్లో నిద్ర చేసినా తగ్గుతుంది. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న అవ్వ కథ మనందరికీ తెలుసు. తెల్లారే పొద్దుకు కోడి కారణం కాదు. తగ్గే కామెర్లకు పసరూ కారణం కాదు.

“వందలమందికి తగ్గింది” అనే లెక్క సంగతి చూద్దాం. ఆ లెక్క ఎవరు రాశారు? తగ్గనివాళ్లు పసరు పోసే ఆయన దగ్గరికి తిరిగొచ్చి “తగ్గలేదు” అని చెప్పిపోరు. వాళ్లను రాత్రికి రాత్రి వనపర్తికో, మహబూబ్‌నగర్‌కో, హైదరాబాద్‌కో తీసుకుపోతారు. అక్కడ ప్రాణం పోతే “దవాఖానల సచ్చిపోయిండు” అంటారు. బతికినవాళ్లు పసరు ఖాతాలో, పోయినవాళ్లు దవాఖాన ఖాతాలో పడతారు. ఇట్లా రాసే చిట్టాలో ఏ మందైనా గెలుస్తుంది, ఏ డాక్టరైనా ఓడిపోతాడు.

లెక్క ఎట్లా ఉండాలో చెప్పడానికి మన నేల ఉసిరి కథే చాలు. చేను గట్ల మీద, ఆకుల కింద ఆవగింజలంత కాయలతో పెరిగే ఆ మొక్కను పసరువాళ్లు ఎక్కువగా వాడతారు. శాస్త్రం దాన్ని చిన్నచూపు చూసిందనడం అబద్ధం. మద్రాసులో త్యాగరాజన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు దాన్ని హెపటైటిస్-బి ఉన్నవాళ్ల మీద పరీక్షించి 1988లో లాన్సెట్ పత్రికలో అచ్చువేశారు. ఆ వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్‌కు కూడా ఈ మొక్క మీద ఆసక్తి ఉండేది. మొక్క పొడి తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైందనీ, ఉత్తుత్తి మాత్రలు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే మాయమైందనీ ఆ వ్యాసం చెప్పింది. మందు తీసుకోనివాళ్లతో పోల్చి లెక్కించారు, అదీ పద్ధతి. ప్రపంచమంతా ఆశగా చూసింది. తరవాత థాయ్‌లాండ్ సహా వేరే చోట్ల అదే పరీక్ష చేస్తే ఆ ఫలితం రాలేదు. ఆశ వదులుకోవడానికి శాస్త్రవేత్తలకూ బాధే అయి ఉంటుంది. అయినా వదులుకున్నారు. మన ఊరి పసరును అట్లాంటి పరీక్షకు ఒక్కసారైనా నిలబెట్టామా?

ఇక అసలు తప్పు. ‘కామెర్లు’ అని ఒక రోగం లేదు. కామెర్లు రోగం జాడ మాత్రమే. మన ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అది విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పచ్చటి పదార్థం పుడుతుంది. కాలేయం దాన్ని పట్టుకొని పిత్తంలోకి పంపేస్తుంది. ఆ పని ఎక్కడ ఆగినా ఒంట్లో పచ్చదనం నిలిచిపోతుంది. వైరస్ వల్ల ఆగొచ్చు, సారా వల్ల ఆగొచ్చు, పిత్తనాళంలో రాయి అడ్డుపడొచ్చు, క్లోమంలో గడ్డ పుట్టొచ్చు. మలేరియాలో, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే జ్వరంలో కూడా కళ్లు పచ్చబడొచ్చు. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. ఆ పచ్చదనం నిజానికి రోగికి కనిపించదు, చూసేవాళ్లకు కనిపిస్తుంది. మన దృష్టంతా ఆ రంగు మీదే ఉండిపోయింది. రంగు పోతే రోగం పోయిందనుకోవడం దాంతోనే మొదలైంది.

నేను రోజూ చూసిన దృశ్యం ఒకటి చెబుతాను. గాజు గొట్టంలో రక్తం పోసి యంత్రంలో గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుక్కు దిగుతాయి, పైన సీరం తేలుతుంది. మామూలు మనిషి సీరం ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లలా లేత రంగులో ఉంటుంది. కామెర్లు ఎక్కువైనవాడిది తంగేడు పువ్వు రంగు. గొట్టాల వరుసలో అట్లాంటిది ఒకటుంటే కొత్తగా చేరిన పిల్లలు కూడా గుర్తుపడతారు. నన్ను భయపెట్టిన గొట్టాలు అవి కావు. గడ్డి రంగు గొట్టాలు. కాన్పుకు ముందు, ఆపరేషన్‌కు ముందు, రక్తదాన శిబిరంలో ఏ రోగం లేదని నవ్వుతూ కూర్చున్నవాళ్ల సీరం. దాంట్లోంచి రెండు మూడు చుక్కలు హెపటైటిస్-బి కార్డు మీద వేస్తే పావుగంటలో ఒక గీత వస్తుంది. అది కార్డు పనిచేస్తున్నదని చెప్పే గీత. కొందరికి దాని పక్కన మెల్లగా రెండో గీత తేలుతుంది, మొదట నీడలా, తరవాత స్పష్టంగా. కళ్లు తెల్లగానే ఉన్నాయి, సీరం తేటగానే ఉంది, వైరస్ మాత్రం కాలేయంలో కాపురం పెట్టింది. అట్లా ఇరవై, ముప్ఫై ఏళ్లు ఏ జాడా ఇవ్వకుండా ఉండి ఒకరోజు కాలేయం గట్టిపడి, కడుపులో నీళ్లు చేరి, లేదా క్యాన్సరై బయటపడుతుంది. హెపటైటిస్-సి కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అంచనా ప్రకారం మన దేశంలో 2 కోట్ల 98 లక్షల మందికి హెపటైటిస్-బి, 55 లక్షల మందికి హెపటైటిస్-సి ఉన్నాయి. వీళ్లలో చాలామందికి తమకు ఉందని తెలియదు. పంతులుగారూ, వీళ్లకు ఏ పొద్దున ఏ పసరు పోస్తారు? కళ్లు పచ్చబడందే మీ దగ్గరికి రారు గదా.

మా చిన్నాయన కొడుకు ఒకడుండేవాడు. నాకంటే ఆరేళ్లు చిన్న. ఇరవై రెండేళ్లప్పుడు గుంపుమేస్త్రీ వెంట పుణె పక్కకు పనికి పోయాడు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలిసిన రోజులవి. ఆరు నెలలకు కళ్లు పచ్చబడి తిరిగొచ్చాడు. చిన్నాయన తీసుకుపోయి పసరు తాగించాడు, ఎడమచేతి మణికట్టు మీద వాత పెట్టించాడు. నెల తిరక్కుండా కోలుకున్నాడు. మణికట్టు మీద రూపాయి బిళ్లంత మచ్చ మిగిలింది. “కామెర్లు ఈడ కాలిపోయినయ్ అన్నా” అని ఆ మచ్చ చూపించేవాడు. నేను అప్పటికే ల్యాబ్‌లో ఉన్నాను. ఒక్కసారి రక్తం తీసి చూద్దామని నాకూ తోచలేదు. ‘తగ్గింది’ అన్న మాట నన్నూ నమ్మించింది.

ఇరవై మూడేళ్ల తరవాత కడుపు ఉబ్బి, రక్తం కక్కుకొని ఆస్పత్రిలో పడ్డాడు. హెపటైటిస్-బి. కాలేయం కుంచించుకుపోయింది, దాంట్లో గడ్డ. సెలైన్ ఎక్కించడానికి నర్సమ్మ నరం వెతుకుతుంటే ఆ మచ్చ మళ్లీ నా కంటపడింది. డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు: వైరస్ బహుశా పుట్టినప్పటి నుంచే ఉండొచ్చు. పుణెలో వచ్చిన కామెర్లు నీళ్ల వల్ల వచ్చిన వేరే వైరస్‌వి కావొచ్చు, ఈ వైరస్సే ఒకసారి రేగి ఉండొచ్చు. అప్పుడే పరీక్ష చేసి ఉంటే తేలిపోయేది, అదుపులో పెట్టే మాత్రలు వచ్చిన రోజు నుంచీ వాడి ఉండేవాడు. అయిదు వారాలకు వాడు పోయాడు.

పసరు చేసే అసలు నష్టం గొంతులోకి దిగే ఆకు రసంతో మొదలవదు. అది ఆపేసిన పరీక్షతో మొదలవుతుంది. పచ్చబడిన కళ్లు మనిషిని దవాఖాన దాకా తీసుకుపోవడానికి దొరికే ఒకే ఒక్క అవకాశం కొన్నిసార్లు. ఆ ఒక్క దారిలో పసరువాడు అడ్డంగా నిలబడి ‘తగ్గింది, ఇంటికి పో’ అంటాడు.

గొంతులోకి దిగేది కూడా ఉత్త ఆకు రసమే అనుకోవద్దు. ఏ ఆకు, ఎంత, దాంట్లో ఇంకేం కలిపారు అన్నది పోసేవాడు చెప్పడు, చెబితే గుణం పోతుందంటాడు. కొన్నిచోట్ల ముక్కులో పిండుతారు, కళ్లలో పోస్తారు. దెబ్బతిన్న కాలేయం మంచి మందును కూడా మామూలుగా అరిగించలేదు, తెలియని రసాన్ని ఏం చేస్తుంది? కరోనా రోజుల్లో అందరం కషాయం కాచుకున్న తిప్పతీగనే తీసుకోండి. 2020 చివరి నాలుగు నెలల్లో ముంబైలో అది వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతినడాన్ని అక్కడి వైద్యులు గుర్తించి అచ్చువేశారు. ఆయుష్ శాఖ ఆ నిర్ధారణను ఒప్పుకోలేదు. నేను అడిగేది ఇంతే: అంత పరిచయమున్న తీగ మీదే ఇంత తర్జనభర్జన నడుస్తుంటే, పేరు చెప్పని ఆకు మీద అంత ధీమా దేనికి?

పత్యం సంగతి ఇంకా ఘోరం. ఉప్పు బంద్, నూనె బంద్, పప్పు బంద్, పసుపు బంద్. పసుపు తింటే ఒళ్లు ఇంకా పచ్చబడుతుందట. కూరలో వేసే చిటికెడు పసుపుకూ బిలిరుబిన్‌కూ రంగు తప్ప ఏ చుట్టరికమూ లేదు. కాలేయం కొత్త కణాలు కట్టుకోవాల్సిన సమయంలో మనిషికి చప్పటి గంజి పోసి నెలరోజులు ఎండబెడతారు. వాంతులు లేకపోతే మామూలు ఇంటి తిండే తినాలి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి. మానాల్సింది సారా, కల్లు, బీరు. తెలియని మాత్రలు కూడా. జ్వరం మాత్ర అయినా డాక్టరు చెప్పినంతే. పగలు మత్తుగా నిద్రపోయి రాత్రి మేలుకోవడం, మాట తడబడటం, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం కారడం, వాంతులు ఆగకపోవడం కనిపిస్తే తెల్లారే దాకా కూడా ఆగొద్దు. అది కాలేయం చేతులెత్తేస్తున్న లక్షణం.

గర్భిణికి కళ్లు పచ్చబడితే అసలు పసరు మాటే ఎత్తొద్దు. హెపటైటిస్-ఈ మామూలువాళ్లలో చాలావరకు దానంతట అదే తగ్గిపోయే రోగం. చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణిలో అదే వైరస్ నూటికి ఇరవై, పాతికమంది దాకా ప్రాణం తీయగలదు. “మొన్న మా మామకు తగ్గింది” అన్న అనుభవం ఆమెకు పనికిరాదు. వైరస్ ఒకటే అయినా ఒళ్లు వేరు.

నీళ్ల వైరస్‌లకు మందు అక్కర్లేదంటే వాటిని పట్టించుకోనక్కర్లేదని కాదు. 1955 చివర్లో ఢిల్లీలో యమున దారి మళ్లి, నజఫ్‌గఢ్ మురుగు కాలువ నీళ్లు వజీరాబాద్‌లో తాగునీరు తోడుకునే చోటికి చేరాయి. దాదాపు 29 వేలమందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్-ఈ అని చాలా ఏళ్ల తరవాత దాచిపెట్టిన రక్త నమూనాలు చెప్పాయి. హైదరాబాద్‌లో 2005 మార్చి నుంచి ఆగస్టు దాకా నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి కామెర్లతో వందలమంది వచ్చారు. అదీ హెపటైటిస్-ఈనే. తాగునీటి పైపులూ మురుగు పైపులూ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే నగరంలో ఇంకేమవుతుంది?

పాన్‌గల్‌లో అట్లా జరగదనుకోవద్దు. శ్రీశైలం వెనుక జలాల నుంచి ఎత్తి శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు మిషన్ భగీరథ పైపుల్లో ఊరి దాకా మంచిగానే రావచ్చు. చివరి వంద గజాలు మన చేతుల్లో ఉన్నాయి. మన గల్లీల్లో నల్లా పైపు మోరీ పక్కనుంచో, మోరీలోంచో పోతుంది. వాల్వు గుంతలో మురుగు నిలిచి ఉంటుంది. నీళ్లు వదిలిన గంటలో నాలుగిళ్లవాళ్లు నల్లాకే మోటరు తగిలించి గుంజుతారు. అప్పుడు పైపు లోపల ఒత్తిడి పడిపోతుంది, పగులున్న చోట బయట ఉన్న మురుగు లోపలికి వస్తుంది. మోటరు పెట్టినవాడి బిందె ముందు నిండుతుంది, వైరస్ అందరి బిందెల్లోకీ పోతుంది. ఇది దొంగతనం మాత్రమే కాదు, నీళ్లలో రోగం కలపడం. పంచాయతీ దాన్ని అట్లానే చూడాలి. తాగునీటి గురించి మన దేశ ప్రమాణం ఒక మాట చెబుతుంది: నల్లా చివర మామూలుగా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, వైరస్‌ల నుంచి రక్షణ కావాలంటే కనీసం 0.5 ఉండాలి. ట్యాంకు కాడ బ్లీచింగ్ చల్లితే పని అయిపోలేదు. ఊరి చిట్టచివరి ఇంటి నల్లా దగ్గర చిన్న సీసాలో నీళ్లు పట్టి, క్లోరిన్ పరీక్ష చుక్కలు వేసి రంగు చూడాలి. అనుమానం ఉన్న రోజుల్లో నీళ్లు తెర్లనిచ్చి తాగితే ఈ వైరస్‌లు బతకవు.

వలస పోయే మనవాళ్ల గుడారాల దగ్గర ఈ మాత్రం కూడా ఉండదు. పాన్‌గల్ కోటను రెండేళ్లు ముట్టడించిన ఫిరోజ్ షా బహమనీ దండులో మనుషులకూ గుర్రాలకూ అంటురోగం సోకిందని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. ఆరు వందల ఏళ్లు గడిచినా గుంపులుగా గుడారాల్లో ఉండేవాళ్ల బతుకు అట్లానే ఉంది. వాళ్లకు ఇచ్చే అడ్వాన్సులో మంచినీళ్లూ మరుగుదొడ్డీ కూడా షరతుగా రాయించుకోవాలని నేను గుంపుమేస్త్రీలతో ఎన్నోసార్లు అన్నాను.

రక్తం దారిలో వచ్చే బి, సి లకు మనమే తలుపులు తీసిపెట్టాం. ఒళ్లు నొప్పులకు సూది, నీరసానికి సూది, సూది వేయని డాక్టరు డాక్టరే కాదనుకుంటాం. గుజరాత్‌లోని మొడాసా పట్టణంలో 2009లో వాడిన సిరంజీలే మళ్లీ వాడడం వల్ల హెపటైటిస్-బి చెలరేగి పదులమంది చనిపోయారు. రక్తం ఎండినా ఆ వైరస్ కనీసం వారం రోజులు బతికి ఉంటుంది. కాబట్టి మీ కళ్ల ముందు కొత్త ప్యాకెట్ చింపితేనే చెయ్యి చాపండి. మంగలి షాపులో బ్లేడు, జాతరలో పచ్చబొట్టు సూది కూడా అంతే. అయితే దీన్ని పట్టుకొని హెపటైటిస్-బి ఉన్నవాళ్లకు వేరే కంచం, వేరే గ్లాసు పెట్టడం, కుదిరిన సంబంధం చెడగొట్టడం పాపం. కలిసి తింటే రాదు, పక్కన కూర్చుంటే రాదు, భుజం మీద చెయ్యేస్తే రాదు. పెళ్లి చేసుకోబోయే మనిషికి మూడు డోసుల టీకా వేయిస్తే ఆ భయమూ ఉండదు.

“ఇంగ్లిషు మందే లేదు” అన్నారు గదా. హెపటైటిస్-సికి పన్నెండు వారాలు మాత్రలు మింగితే నూటికి తొంభై అయిదు మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. సోఫోస్‌బువిర్ అనే ఆ మందు అమెరికాలో మొదట ఒక్క కోర్సుకు 84 వేల డాలర్లకు అమ్మారు. హైదరాబాద్‌కు చెందిన హెటెరో, నాట్కో వంటి కంపెనీలు చవకగా తయారుచేశాయి. ఆ నాట్కో ఫ్యాక్టరీ ఒకటి అప్పటి మన పాలమూరు జిల్లా కొత్తూరులోనే ఉంది. హెపటైటిస్-బిని పూర్తిగా తీసేయలేకపోయినా టెనోఫోవిర్ మాత్రతో ఏళ్ల తరబడి అణచి ఉంచొచ్చు, కాలేయాన్ని కాపాడుకోవచ్చు. ఇవన్నీ 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఉచితం, పరీక్షలతో సహా. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. మందు లేని కాలం ఒకటుండేది. పంతులుగారు ఇంకా ఆ కాలంలోనే ఉన్నారు.

టీకా గురించి చెప్పకపోతే నాకు మనసు ఒప్పదు. ఒకప్పుడు హెపటైటిస్-బి టీకా విదేశాల నుంచే రావాలి, డోసు వందల రూపాయలు. నెల్లూరు జిల్లాలో పుట్టిన ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు కె.ఐ. వరప్రసాదరెడ్డి దాన్ని ఇక్కడే చేయాలని పట్టుబట్టి హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి వచ్చింది, 50 రూపాయలకు. జన్యు ఇంజినీరింగ్‌తో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా అది. ఈరోజు పుట్టిన ప్రతి బిడ్డకూ 24 గంటల్లోపు ఉచితంగా వేస్తున్నారు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు అయిదు రోగాల టీకాలో కలిపి మళ్లీ వేస్తారు. ఆ మొదటి రోజు డోసుకే ఎక్కువ విలువ. పుట్టేటప్పుడు తల్లి రక్తం నుంచి వైరస్ సోకిన పిల్లల్లో నూటికి తొంభై మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. అదే పెద్దయ్యాక సోకితే నూటికి అయిదుగురిలో కూడా నిలవదు. “పుట్టంగనే సూదా, పురుడు ఎల్లినంక సూద్దాం” అనే అవ్వలకు ఈ లెక్క ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. ఆశ కార్యకర్తలు చెబుతున్నారు. మనం వాళ్లకు తోడు మాట్లాడాలి.

తమ్ముడు పోయిన తరవాత ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయించాను. వాడి భార్యకు లేదు. వాడి చెల్లెలికి ఉంది. డెబ్బై దాటిన మా చిన్నమ్మకు ఉంది, ఆమె ఇప్పటికీ చేనుకు పోయి వస్తుంది. ఫలితం చెప్పిన రోజు ఆమె గడప మీద కూలబడి “నా పాలల్లకెల్లి పోయిందా బిడ్డా వానికి?” అని అడిగింది. పాల వల్ల కాదు చిన్నమ్మా, కాన్పప్పుడు రక్తం వల్ల పోతది, అప్పటికి లోకంల ఎక్కడా టీకా లేదు, నీ తప్పేం లేదు అని చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో.

చెల్లెలి కూతురికీ ఉన్నట్టు తేలింది. ఆ పిల్ల గర్భిణి అయినప్పుడు వైరస్ ఎంత ఉందో లెక్కపెట్టించాం. ఎక్కువగా ఉంది. ఏడో నెల నుంచి టెనోఫోవిర్ మొదలుపెట్టారు. కాన్పు రాత్రి రెండింటికి అయింది. బిడ్డను తుడిచి తూకం వేసిన కాసేపటికే ఒక తొడకు టీకా, రెండో తొడకు ఇమ్యునోగ్లోబులిన్ వేశారు. నర్సమ్మ మాతాశిశు కార్డు మీద తేదీతో పాటు టైము కూడా రాసింది. మిగతా డోసులు ఒక్కటీ తప్పలేదు.

బిడ్డకు పది నెలలు నిండాక రక్త పరీక్షకు తీసుకొచ్చారు. నేను రిటైరై చాలా రోజులైనా ఆ పొద్దు ల్యాబ్‌లో నిలబడ్డాను. చిన్నమ్మ కూడా వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. కార్డు మీద చుక్కలు వేశారు. మొదటి గీత వచ్చింది. అయిదు నిమిషాలు, పది, పదిహేను. కార్డును కిటికీ వెలుగుకు పట్టి చూశాను, అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాను. ఇరవై నిమిషాలకు బయటికొచ్చాను.

“ఏమొచ్చింది?” అంది చిన్నమ్మ, లేవకుండానే.

“ఒక్కటే గీత చిన్నమ్మా.”